రక్తములోని క్రొవ్వులు - గుండె జబ్బు సూచనలు

గుండె జబ్బు పట్టణవాసులకు మాత్రమే వచ్చునను అభిప్రాయము మన గ్రామములలో ఇంకను కలదు. అది సరికాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణకారణములను పరిశీలింపగా, నూటికి సుమారు 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే సంభవించినట్లు తేలినది. అంటువ్యాధుల మరణములకన్న ఇవి ఎక్కువ.

రక్తపరీక్ష కాగితము చేతికి రాగానే, "కొలెస్టరాల్ 200కు లోపుగానే ఉన్నది, భయము లేదు" అని తృప్తిపడువారు పెక్కురు. ఈ ధైర్యము అన్ని వేళల తగదు. ఆ కాగితములోని అంకెలను విడివిడిగా గాక కలిపి చదువవలెను. అది ఎట్లో ఇచట వివరింతుము.

రెండు క్రొవ్వులు

కొలెస్టరాల్ శరీర కణముల నిర్మాణమునకు అవసరమైన పదార్థము. ట్రైగ్లిజరైడ్లు శరీరము శక్తికొరకు నిలువచేయు క్రొవ్వు. మనము వాడు నూనె, నెయ్యి చాలవరకు ట్రైగ్లిజరైడ్లే. అంతేగాక, అవసరమునకు మించి తిన్న అన్నము, పంచదార, త్రాగిన సారా, కల్లు కూడ కాలేయములో ట్రైగ్లిజరైడ్లుగా మారును. కావున నూనె తక్కువగా వాడువారికి సైతము ఇవి హెచ్చవచ్చును.

క్రొవ్వు నీటిలో కరుగదు. అందువలన రక్తములో అది మాంసకృత్తులతో కూడిన సూక్ష్మమైన బండ్లపై ప్రయాణము చేయును. వీనిలో ఎల్.డి.ఎల్. అను బండ్లు కొలెస్టరాల్‌ను రక్తనాళముల గోడలలో చేర్చి పూడిక కలిగించును. హెచ్.డి.ఎల్. అనునవి మిగులు కొలెస్టరాల్‌ను కాలేయమునకు తిరిగి చేర్చుటకు తోడ్పడును.

ట్రైగ్లిజరైడ్లు అధికమైనప్పుడు ఈ బండ్లు తమ సరకులను మార్చుకొనును. ట్రైగ్లిజరైడ్లు నిండిన హెచ్.డి.ఎల్. త్వరగా నశించును. ఎల్.డి.ఎల్. బండ్లు చిన్నవై, ఒక్కొక్క దానిలోని కొలెస్టరాల్ తగ్గును. బండ్ల సంఖ్య మాత్రము ఎక్కువగానే ఉండవచ్చును. అందుచేత కాగితముపై ఎల్.డి.ఎల్. స్వల్పముగా కనబడినను ముప్పు స్వల్పము కాదు. ట్రైగ్లిజరైడ్లు హెచ్చుగను, హెచ్.డి.ఎల్. తక్కువగను ఉండుట భారతీయులలో తరచు కనిపించు లక్షణము.

కాగితము చదువు విధము

ఈ కొలతలు 100 మిల్లీలీటర్ల రక్తమునకు మిల్లీగ్రాములలో ఉండును. ట్రైగ్లిజరైడ్లు 150కి లోపుగా ఉండవలెను. 200 మొదలు హెచ్చు; 500 దాటినచో క్లోమగ్రంథికి వాపు కలుగు అపాయము కూడ కలదు. హెచ్.డి.ఎల్. పురుషులకు 40కి, స్త్రీలకు 50కి తగ్గరాదు.

ఒక ఉదాహరణము చూతము. మొత్తము కొలెస్టరాల్ 190, హెచ్.డి.ఎల్. 32, ట్రైగ్లిజరైడ్లు 260 అనుకొందము. మొత్తము 200కు లోపే. కాని 190 నుండి 32 తీసివేసిన 158 మిగులును. పూడిక కలిగించు బండ్లన్నిటిలోని కొలెస్టరాల్ ఇదియే. ఇది సాధారణముగా 130కి లోపుగా ఉండుట మేలు. ఈ తీసివేత ఏ సభ్యుడైనను చేయగలడు.

ట్రైగ్లిజరైడ్ల కొలత భోజనానంతరము పెరుగును. హెచ్చుగా కనబడినచో రాత్రి భోజనము తరువాత 10-12 గంటలు ఉపవాసముండి ఉదయమున మరల పరీక్షింపవలెను.

అంకె తగ్గించుటయే వైద్యము కాదు

ట్రైగ్లిజరైడ్లు హెచ్చుట లోపలి అవస్థకు సూచన. మధుమేహము, స్థూలకాయము, మద్యపానము, థైరాయిడ్ లోపము దీనికి ముఖ్య కారణములు. 2022లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధనలో, మధుమేహ రోగులకు ఒక మందు ఇచ్చి ట్రైగ్లిజరైడ్లను సుమారు నాలుగవవంతు తగ్గించినను గుండెపోటులు తగ్గలేదు. కావున మూలకారణమును సరిదిద్దవలెను, పొగాకు మానవలెను, రక్తపుపోటును అదుపులో ఉంచవలెను. అన్నము కొంత తగ్గించి పప్పు, కూరగాయలు పెంచుట, తీపి పానీయములు, మద్యము మానుట, దినమునకు అరగంట వడిగా నడచుట మేలు. వైద్యుడిచ్చిన మందులను తమంతట తాము మానరాదు.

పంచాయతి కర్తవ్యము

రాజ్యాంగము 11వ షెడ్యూలులో ఆరోగ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ముప్పది ఏండ్లు నిండిన వారందరు రక్తపుపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తల తోడ్పాటుతో సభ్యులు తమ వార్డులలో చూడవలెను. ఈ రెండింటిలో ఏది కనబడినను రక్తములోని క్రొవ్వుల పరీక్షను గూర్చి వైద్యుని అడుగుమని చెప్పవలెను. రొమ్ములో బరువు, నొప్పి, చెమటలు పట్టినచో తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేయవలెనని గ్రామసభలో చాటవలెను. ఒక కుటుంబపు పోషకుడు అకాలమున పోవుట ఆ ఇంటికే గాక ఊరికే నష్టము. సకాలమున చదివిన ఒక కాగితము ఆ నష్టమును తప్పింపవచ్చును.