‘బొంతకాకి’ అనే రాయమ్మా

ప్రొద్దుటూరు

చిరంజీవి పాపకు,

ఎడ్గార్ అలన్ పో 1845లో వెలువరించిన ‘రేవెన్’ పద్యాన్ని తెలుగు చేస్తున్నావని, ఆ పిట్టను ఉత్త కాకి అంటే తేలిపోతుందేమోనని రాశావు. నిజమే, తేలిపోతుంది. తెలుగులో కాకి ముందు చేరిందంటే దేని విలువైనా పడిపోతుంది: కాకిలెక్క, కాకిదొండ, కాకిబంగారం. (ఈ చివరిది మా ఊరి బంగారు అంగళ్ల దగ్గర గట్టిగా అనకు.)

రేవెన్ మన కడప జిల్లాలో లేదు. రాజస్థాన్ వైపో, హిమాలయాల మీదో చూడాల్సిందే. పులివెందులలో మీ మిద్దె మీద వాలే బూడిదమెడది ఊరకాకి. దానికంటే పెద్దది, ఒళ్లంతా నలుపు, లావుపాటి ముక్కుది బొంతకాకి. రేవెన్‌కు మన దగ్గరున్న చుట్టం అదే. ఆ పేరే రాయి. మాలకాకి అనీ అంటారు గానీ, కులం పేరు వినిపించే ఆ మాట నీ పద్యంలోకి రానీకు. అమరకోశంలో కాకోలం ఉంది, పెద్దకాకికీ ఒక విషానికీ అదే పేరు. ఒక్కచోట వాడితే బాగుంటుంది, రెండోసారి వాడితే పాండిత్యం వాసన కొడుతుంది.

రేవెన్ అనే మాట ఆ పిట్ట బొంగురు అరుపులోంచే పుట్టిందంటారు. మన కాకీ అంతే. తన పేరు తానే అరుచుకుంటుందని సంస్కృతంలో దాన్ని ఆత్మఘోషమన్నారు. ఇంగ్లీషులో విపరీతమైన ఆకలికి వాడే ‘రావెనస్’ కూడా ఇందులోంచే వచ్చిందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. దాని మూలం దోపిడీ అనే అర్థమున్న లాటిన్ మాట.

అయితే పేరు కన్నా ముందు నువ్వు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. పో పద్యంలో ఒక మనిషి చనిపోయిన తన ప్రియురాలి గురించి ఆ పిట్టను అడుగుతాడు. పెన్న ఒడ్డున కర్మనాడు మనవాళ్లు చేసేదీ అదే కదా! ఇసుకలో ఆకు మీద పిండం పెట్టి, దూరం జరిగి, ‘రా నాయనా రా’ అని పిలుస్తారు. కాకి వచ్చి, పక్కకు గెంతి, ముట్టకుండా ఎగిరిపోతే పోయిన మనిషికి ఏ కోరిక తీరలేదోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అక్కడ కాకిని చూసి ఎవరూ నవ్వరు. నీ పద్యంలోకి రావాల్సింది ఆ బెదురు. అది వచ్చిందా, బొంతకాకి అన్నా చాలు.

ఇక పద్యంలో పల్లవిలా తిరిగొచ్చే ఆ ఒక్క మాట, ‘నెవర్‌మోర్’. పో ముందు చిలకను పెడదామనుకుని, ఆ మాట మోతకు రేవెనే తగినదని మార్చుకున్నాడు. నువ్వు రాసిన ‘ఎన్నటికీ జరగదు’ ఆఫీసు జవాబులా ఉంది. జమ్మలమడుగు పోయినప్పుడు పొద్దున్నే గండికోట లోయ దగ్గర కూర్చుని బొంతకాకి అరుపు విను. ఆ గొంతుతో ‘ఇక రాదు’ అని చదివి చూడు. కుదిరితే ఈ నెలలోనే ఆ చరణాలు పంపు.

మీ చిన్నాయన