ఈత అద్దములు – ఎన్నిక, వినియోగము

ఈత నేర్చుట ఒకప్పుడు ఊరి దిగుడుబావిలోనో, చెరువులోనో జరుగుచుండెడిది. నడుమునకు సొరకాయబుర్రయో, బెండో కట్టుకొని పిల్లలు నీటిలో దిగి, కన్నులు ఎర్రబడు వరకు ఈదెడివారు. నేడు పట్టణములలోని విద్యార్థులు పెక్కుమంది ఈతకొలనులలో నేర్చుచున్నారు. కొలనుకు పోవువారు ముందుగా కొను వస్తువులలో ఈత అద్దములు ఒకటి. వీనినే వాడుకలో అందరును గాగుల్స్ అందురు. అయితే కొన్నవారిలో పలువురు కొద్ది దినములకే వానిని విసుగుతో పక్కన పెట్టుట మనము చూచుచున్నాము. లోనికి నీరు వచ్చుచున్నదనుట వారి మొదటి ఫిర్యాదు; నొసలు నొప్పి పుట్టుచున్నదనుట రెండవది.

ఈ రెండింటికిని తరచుగా మూలము ఒక్కటే యని మా అభిప్రాయము. రంగు చూచి, ధర చూచి, పేరు చూచి అద్దములను ఎన్నుకొనుచున్నామే కాని, మన ముఖమును చూచుకొని ఎన్నుకొనుట లేదు. ముఖమునకు పొందని అద్దమును పట్టీ బిగించి పొందింపజూచుచున్నాము. నీటిని ఆపునది పట్టీ బిగింపు కాదు. కంటిగూటి చుట్టునున్న ఎముకపై అద్దపు అంచు సమముగా ఆనుటయే. ఈ ఒక్క సూత్రమును ఆధారముగా చేసికొని, కొలనులోను, నది, సముద్రము వంటి బయటి జలములలోను ఈదువారు అద్దములను ఎట్లు ఎన్నుకొనవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

నీటిలో చూపు మసకబారుట ఎందువలన?

కంటి ముందుభాగముననున్న పారదర్శకమైన పొరను కార్నియా అందురు. కాంతి గాలినుండి ఈ పొరలోనికి ప్రవేశించునపుడు బాగుగా వంగి, లోపలి తెరపై కేంద్రీకృతమగును. కంటి మొత్తము శక్తి సుమారు 60 డయాప్టర్లు కాగా, అందులో 43 వరకు కార్నియాదే. గాలి వక్రీభవన గుణకము సుమారు 1.00, నీటిది 1.33, కార్నియాది 1.376. నీటికిని కార్నియాకును భేదము అత్యల్పమగుటచే నీటిలో కాంతి దాదాపు వంగదు. కనుకనే కన్ను తెరచినను సమస్తము మసకగా తోచును. ఈత అద్దము కంటిముందు కొద్దిపాటి గాలిని నిలిపి, కార్నియాకు దాని శక్తిని తిరిగి ఇచ్చుచున్నది. ఆ గాలి ఉన్న చోటికి నీరు చేరినచో అద్దము ఉండియు ప్రయోజనము లేదు. చదునైన అద్దముగుండా చూచినపుడు నీటిలోని వస్తువు ఉన్న దూరములో మూడువంతులే ఉన్నట్లు తోచును. కొలను గోడ దగ్గరగా కనిపించుట ఇందువలననే. క్రొత్తగా నేర్చువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

రెండవ ప్రయోజనము కంటి రక్షణ. కొలనులో కన్నులు మండుటకు క్లోరినే కారణమని సాధారణముగా అనుకొందుము. నిజమునకు క్లోరిన్ చెమటతోను, మూత్రముతోను కలిసినపుడు పుట్టు క్లోరమీన్లు ముఖ్యకారణము. కావున నీటిలో దిగుటకు ముందు శుభ్రముగా స్నానము చేయుట తనకును, తోటివారికిని చేయు మేలు.

కొంత చరిత్ర

ఈ సాధనము క్రొత్తది కాదు. 14వ శతాబ్దమున లోకమంతయు తిరిగిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, పారశీక సింధుశాఖలో ముత్యములకై మునుగువారు తాబేటిచిప్పతో చేసిన తొడుగును ముఖమునకు ధరించుటను, అదే చిప్పతో చేసిన పట్టకారును ముక్కునకు తగిలించుకొనుటను వర్ణించెను. 1911లో ఇంగ్లీషు ఛానలును ఈదిన థామస్ బర్జెస్ మోటారుసైకిలు నడుపువారి అద్దములు పెట్టుకొనెను. వానిలోనికి నీరు వచ్చుట మానలేదు. 1926 ఆగస్టు 6న ఆ ఛానలును దాటిన తొలి మహిళ గెర్ట్రూడ్ ఎడెర్లీ, అద్దముల అంచులను మైనముతో మూసికొని ఈదెను. అనగా నీరు చొరబడుట అను చిక్కు నూరేండ్లకు పూర్వమే ఈతగాండ్రను వేధించినది. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణపతకములను అద్దములు లేకయే గెలిచెను. 1976 మాంట్రియల్ క్రీడలనుండి ఒలింపిక్సు పోటీలలో అద్దములకు అనుమతి లభించెను.

ముఖమునకు పొందిక – పరీక్షించు విధము

ఈత అద్దములలో ముఖ్యభాగములు నాలుగు: పారదర్శకమైన బిళ్ళలు, వాని చుట్టునున్న మెత్తని అంచు, ముక్కుమీది కట్టు, తలచుట్టు పట్టీ. బిళ్ళలు సాధారణముగా పాలికార్బొనేటుతో చేయుదురు. అది సులభముగా పగులదు. అంచునకు సిలికోను మేలైనది. అది మెత్తగా ఉండి, చర్మమునకు హాయినిచ్చి, చాలకాలము మన్నును. కొందరు పోటీ ఈతగాండ్రు వాడు స్వీడిష్ తరహా అద్దములకు మెత్తని అంచు ఉండదు. అవి అలవాటు పడినవారికే తగును.

కొనుటకు ముందు చేయదగిన పరీక్ష అతి సులభము. పట్టీని తలకు తగిలింపక, బిళ్ళలను కంటిగూళ్ళపై మెల్లగా అదిమి చేయి తీయవలెను. రెండును కొన్ని క్షణములపాటు తమంతట తామే అంటుకొని నిలిచినచో అంచు ముఖమునకు పొందినట్లు. వెంటనే జారిపడినచో అది ఎంత ఖరీదైనదైనను మనది కాదు. పిమ్మట ముక్కుకట్టు ముక్కును నొక్కుచున్నదా, కనురెప్పలు బిళ్ళకు తగులుచున్నవా, నవ్వినపుడు అంచు లేచుచున్నదా అని చూచుకొనవలెను.

నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో గమనించినచో దోషము తెలియును. ముక్కు ప్రక్కనుండి వచ్చినచో ముక్కుకట్టు కొలత కుదరలేదన్నమాట. మార్చుకొను వీలుగల కట్టును ఒక మెట్టు తగ్గించియో, పెంచియో చూడవలెను. కణతల వైపునుండి వచ్చినచో బిళ్ళ కంటిగూటికన్న పెద్దదో, చిన్నదో అయియుండును. లేదా పట్టీ రెండువైపుల సమముగా లేకపోవచ్చును. పైనుండి వచ్చినచో కనుబొమల వెండ్రుకలో, టోపీ అంచో లోపల చిక్కుకొన్నదేమో చూడవలెను. తలను వస్త్రముతో కప్పుకొని ఈదు విద్యార్థినులు పట్టీని వస్త్రముపైన పెట్టుకొనవచ్చును గాని, అద్దపు అంచు మాత్రము నేరుగా చర్మముపైననే ఆనవలెను. ఒక్క పోగు అడ్డుపడినను నీటికి దారి దొరకును.

పట్టీ పని అద్దమును చోటు కదలకుండ పట్టియుంచుట మాత్రమే. అది తల వెనుక ఎత్తైన భాగమున, చెవులకు పైగా ఉండవలెను. రెండు పాయలుగా చీలిన పట్టీ అయినచో వానిని కొంచెము ఎడముగా పరచినపుడు అద్దములు నిలకడగా ఉండును. అతిగా బిగించినచో మెత్తని అంచు నలిగి వంకరపోయి, నీరు మరింత వచ్చును. కనుబొమల పైనున్న నరము నొక్కబడి తలనొప్పి పుట్టును. కంటిలోపలి ఒత్తిడి రోగము, అనగా గ్లాకోమా ఉన్నవారు చిన్న బిళ్ళల అద్దములు కాక, కంటికి దూరముగా ఆను పెద్ద అంచు గలవానిని వైద్యుని సలహాతో ఎన్నుకొనుట మంచిది.

కొలనుకు ఒకటి, బయటి జలములకు ఒకటి

కొలనులో నీరు తేటగా ఉండును. దారి గీతలు అడుగున కనిపించుచుండును. అక్కడ ముఖమునకు దగ్గరగా అమరు చిన్న అద్దములు చాలును. పైకప్పు గల కొలనుకు రంగులేని బిళ్ళలు, ఎండపడు కొలనుకు పొగరంగు బిళ్ళలు అనుకూలము. పోటీలో గట్టుమీదినుండి దూకునపుడు గడ్డమును గుండెవైపు వంచి, చేతుల నడుమ తలను దాచుకొన్నచో అద్దములు ఊడవు.

నదిలోను, సముద్రములోను పరిస్థితి వేరు. గీతలు లేవు, ఈతగాడు కొన్ని బారలకొకసారి తలయెత్తి గట్టునో, గుర్తునో చూచుకొనవలెను. అలలు తగులును, పక్కవారి చేయి తగులును, ఎండ నీటిపై మెరసి కన్నులు చెదరును. కావున పక్కలకు విశాలముగా కనిపించు పెద్ద బిళ్ళలు, వెడల్పైన మెత్తని అంచు, అతినీలలోహిత కిరణములను ఆపు గుణము ఉండవలెను. ధ్రువణ బిళ్ళలు నీటిపై మెరపును బాగుగా తగ్గించును. తెల్లవారుజామున బయలుదేరువారికి నల్లని బిళ్ళలు తగవు. రంగులేనివో, లేత పసుపువో వాడవలెను. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకనుండి ధనుష్కోడి వరకు పాక్ జలసంధిని ఈదిరి. అటువంటి దీర్ఘయానమున అద్దము గంటలతరబడి ముఖముపై ఉండవలసివచ్చును. కొద్దిసేపు ఓర్చుకొనదగిన నొప్పి అక్కడ ఓర్వరానిదగును. కనుక బయటి జలములకు వాడదలచిన అద్దమును ముందుగా కొలనులో ఒక గంటయైనను పెట్టుకొని పరీక్షింపవలెను. క్రొత్త అద్దముతో నేరుగా సముద్రమున దిగరాదు. ఒంటరిగా ఎన్నడును దిగరాదు.

కళ్ళజోడు ధరించువారు

హ్రస్వదృష్టి గల విద్యార్థులు కళ్ళజోడు తీసి కొలనులో దిగినచో శిక్షకుని సైగయు, లోతును తెలుపు అంకెయు కనబడవు. ఇది సిగ్గుచే దాచవలసిన విషయము కాదు. ప్రాణముతో ముడిపడిన విషయము. ఇట్టివారికి పవరు గల ఈత అద్దములు సిద్ధముగా దొరకును. ఇవి సాధారణముగా అర డయాప్టరు అంతరముతో ఉండును. సరిగా అదే పవరు దొరకనప్పుడు ఒక మెట్టు తక్కువదానిని తీసికొనవచ్చును. కాంటాక్టు లెన్సులు పెట్టుకొని ఈదుట మాత్రము ప్రమాదము. నీటిలోనుండు అకాంతమీబా అను సూక్ష్మజీవి లెన్సు వెనుక చేరి కార్నియాను తినివేయగలదు. చూపు పోవు అవకాశమును కలదు.

ఆవిరి, సంరక్షణ, హెచ్చరికలు

కంటి చుట్టునున్న వెచ్చని తేమ, నీటిచే చల్లబడిన బిళ్ళపై చేరి ఆవిరిగా పట్టును. దీనిని ఆపుటకై బిళ్ళ లోపల సన్నని పూత పూయుదురు. వ్రేలితోనో, తువాలుతోనో లోపల తుడిచినచో ఆ పూత పోవును. వాడిన పిమ్మట మంచినీటిలో కడిగి, దులిపి, నీడలో ఆరబెట్టి, మెత్తని సంచిలో ఉంచవలెను. ఎండలోను, మూసియున్న కారులోను ఉంచినచో అంచు గట్టిపడి పొందిక చెడును.

రెండు హెచ్చరికలు ముఖ్యము. మొదటిది: అద్దమును ముందుకు లాగి విడువరాదు. సాగిన పట్టీ దానిని వెనుకకు కొట్టినచో కంటికి తీవ్రమైన గాయము కలుగును. పెట్టుకొనునపుడు బిళ్ళలను ముందుగా కన్నులపై ఆనించి, ఒక చేతితో పట్టుకొని, పట్టీని వెనుకకు తీయవలెను. తీయునపుడు పట్టీని తల వెనుకనుండి ఎత్తవలెను. రెండవది: ఈత అద్దములతో లోతునకు మునుగరాదు. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణము చొప్పున పీడనము పెరుగును. ముక్కును కూడ కప్పు డైవింగు మాస్కులో ముక్కుతో గాలి విడిచి పీడనమును సరిచేయవచ్చును. ఈత అద్దములలో అట్టి వీలు లేదు. లోపలి గాలి కుంచించుకొని, కంటి రక్తనాళములు చిట్లును.

విద్యార్థులకును, సంఘమునకును మా మనవి

కళాశాలలు క్రీడాసామగ్రిని కొనునపుడు ఒకే కొలత అద్దములను డజన్ల లెక్కన తెప్పించుట పొదుపుగా తోచును. కాని అందరి పాదములకు ఒకే చెప్పు తగనట్లే అందరి ముఖములకు ఒకే అద్దము తగదు. మూడు నాలుగు ఆకారముల నమూనాలను మాత్రము తెప్పించి, ఒకరి పిమ్మట ఒకరికి కడిగి ఇచ్చి పరీక్షింపజేసి, ఎవరికి తగినదానిని వారికి కొనియిచ్చుట మంచి పద్ధతి. ఒకరి అద్దమును మరియొకరు వాడినచో కండ్లకలక వ్యాపింపవచ్చును గనుక ఎవరిది వారికే ఉండవలెను. పేద విద్యార్థికి అవసరమైన పవరు అద్దము కొనియిచ్చుట దుబారా కాదని సంఘ సభ్యులు గుర్తింతురని ఆశింతుము.

విద్యార్థులు మరియొక సంగతి గ్రహింపవలెను. 2008 బీజింగు ఒలింపిక్సులో 200 మీటర్ల బటర్‌ఫ్లై పోటీలో మైకేల్ ఫెల్ప్స్ అద్దములు నీటితో నిండిపోయెను. ఆయన గోడను చూడలేక బారలను లెక్కించుకొనుచు ఈది, 1 నిమిషము 52.03 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణము గెలిచెను. ఎంత మంచి అద్దమైనను ఎప్పుడో ఒకప్పుడు మోసగించును. అందుచే నెలకొకసారియైనను శిక్షకుని సమక్షమున, లోతు తక్కువగల చోట, అద్దములు లేక ఈదుట అభ్యసింపవలెను. తగిన అద్దము ఈతగానికి చూపునిచ్చును. అది లేనినాడు కలత చెందని మనస్సును అభ్యాసమే ఈయగలదు.