పాఠం 9: విల్లుకూ కత్తికీ తూకం

ఈ పాఠం చదివిన తరువాత మీరు వీడియో ఆటలో విల్లు, తుపాకీ వంటి దూరాయుధాల బలాన్ని లెక్కకట్టగలుగుతారు. కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి.

9.1 చిక్కు ఎక్కడ?

రాక్షసులతో పోరాడే ఒక ఆటను మీరు తయారు చేస్తున్నారనుకుందాం. రాక్షసుడి ప్రాణశక్తి 80. అతడు సెకనుకు 5 మీటర్లు పరుగెత్తుతాడు, దగ్గరికి వచ్చాక సెకనుకు ఒక దెబ్బ కొడతాడు. కత్తివీరుడూ విలుకాడూ సెకనుకు ఒకసారి కొడతారు. ప్రతి దెబ్బకూ 10 ప్రాణశక్తి తగ్గుతుంది. అంకెలు సమానమే కదా!

ఇప్పుడు రాక్షసుణ్ణి 40 మీటర్ల దూరంలో నిలపండి. అతడు చేరడానికి 8 సెకన్లు పడుతుంది. ఈలోగా 8 బాణాలు తగిలి చనిపోతాడు. విలుకాడికి ఒక్క దెబ్బా తగలదు. కత్తివీరుడు మాత్రం 8 దెబ్బలు తింటాడు. ఇలాంటి ఆటలో కత్తి పట్టేవారెవరు? (బాణం గాలిలో ఉండే కాలాన్ని ఇక్కడ వదిలివేశాం.)

9.2 దిద్దుబాటు

చాలామందికి మొదట తోచేది బాణం దెబ్బను 5కు తగ్గించడం. మైదానంలో విలుకాడికీ 8 దెబ్బలే తగులుతాయి, సరిపోయినట్లే ఉంటుంది. కాని గుహలో రాక్షసుడు 10 మీటర్ల దగ్గరే కనిపిస్తాడు. 2 బాణాలతో 10 పోతుంది. మిగిలిన 70 తగ్గించేలోగా విలుకాడు 14 దెబ్బలు తినాలి. ఇది అన్యాయం.

బాణం దెబ్బను 10గానే ఉంచండి. వింటిని లాగడానికి 2 సెకన్లు పట్టనివ్వండి. శత్రువు మీదపడ్డాక విల్లు పనిచేయదు, సెకనుకు 8 తగ్గించే చిన్న బాకే గతి. ఇప్పుడు విలుకాడికి మైదానంలో 5 దెబ్బలు, గుహలో 9 దెబ్బలు తగులుతాయి. కత్తివీరుడికి రెండు చోట్లా 8. ఇద్దరూ ఒకేలా లేరు, ఉండనక్కరలేదు కూడా. ఎక్కడ పోరాడాలో ఆటగాడే ఆలోచించుకుంటాడు.

9.3 తూటాలు ఎన్ని?

ఆటలో తుపాకీ కూడా ఉంటే దెబ్బ విలువతో పాటు తూటాల లెక్కనూ చూడాలి. రాయపూర్‌కు దక్షిణాన బస్తర్‌లో 1910లో జరిగిన భూంకాల్ తిరుగుబాటులో విల్లు తుపాకీని ఎదుర్కోవలసి వచ్చింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి 26 తుపాకులు తీసుకుంది. వాటితో పాటు తూటాలనూ తీసుకుంది. బాణాన్ని అడవిలోనే చేసుకోవచ్చు, తూటాను చేసుకోలేరు. అందువల్ల మీ ఆటలో తుపాకీ దెబ్బను తగ్గించకండి, తూటాలను అరుదు చేయండి.

తూకం కుదరని సందర్భాలూ ఉన్నాయి. విలువిద్య పోటీల్లో రికర్వ్ విల్లుకు లక్ష్యం 70 మీటర్ల దూరంలో, కప్పీలున్న కాంపౌండ్ విల్లుకు 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పతకాలు కూడా వేరు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో గెలిచిన 3 స్వర్ణాలూ కాంపౌండ్ విభాగంలోనివే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

9.2లోని చివరి నియమాలతో, రాక్షసుడి వేగాన్ని సెకనుకు 10 మీటర్లు చేస్తే మైదానంలో విలుకాడికి ఎన్ని దెబ్బలు తగులుతాయి?

జవాబు: 4 సెకన్లలో 2 బాణాలు, అంటే 20 తగ్గుతుంది. మిగిలిన 60కి బాకుతో 8 పోట్లు కావాలి. కాబట్టి 8 దెబ్బలు.