నాలుగు మీటర్ల కారు

పాఠ్యభాగ పరిచయం

మన న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండ. నిత్యజీవితంలో తటస్థించే ఒక సామాన్య విషయాన్ని తీసుకొని, వాదం ఎలా సాగాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విజయవాడ నగరంలో పటమటను ఆనుకొని ఉన్న ఆటోనగర్ వాహనాలకు వైద్యశాల వంటిది. లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పి బిగించేవారు, కమాను కట్టలు సరిచేసేవారు, విడిభాగాలు అమ్మేవారు అక్కడ వీధుల కొద్దీ కనిపిస్తారు. కర్మాగారంలో పుట్టిన బండికి అసలైన పరీక్ష ఇటువంటి చోటనే జరుగుతుంది. కొత్త కారు ఏది వచ్చినా దాని గుణదోషాలపై చర్చ తప్పదు. ఆ చర్చలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "మైలేజి ఎంత?"

ఇంజనుకు, మనుషులకు, సామానుకు విడివిడిగా మూడు అరలున్న కారును సెడాన్ అంటారు. మన దేశంలో చాలాకాలం సెడాన్ అంటే అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా ఆధారంగా పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1950వ దశకం చివరి నుండి దానిని తయారుచేసింది. మంత్రులకు, అధికారులకు, టాక్సీవాలాలకు, పెళ్ళివారికి అదే రథం. అర్ధశతాబ్దానికి పైగా ఇంజన్లు మారాయి, దీపాలు మారాయి. కాని బరువు, ఆకారం మాత్రం దాదాపు అలాగే నిలిచాయి. 2014 మే నెలలో దాని ఉత్పత్తి ఆగిపోయింది. కాలానికి తగినట్లు రూపాన్ని మార్చుకోని వస్తువుకు ప్రజాభిమానం ఒక్కటే ఆయువు పోయలేదని ఆ కథ తెలుపుతుంది.

ఆ స్థానాన్ని చాలావరకు ఆక్రమించిన కారు మారుతి డిజైర్. ఇది 2008లో విపణిలోకి వచ్చింది. అప్పుడు దాని పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012లో వచ్చిన రెండవ తరంలో అది 3,995 మిల్లీమీటర్లకు తగ్గింది. 2017లో మూడవ తరం మరింత తేలికయింది. 2024 నవంబరులో వచ్చిన నాలుగవ తరంలో నాలుగు సిలిండర్ల ఇంజనుకు బదులు మూడు సిలిండర్ల ఇంజను ప్రవేశించింది. ఈ మార్పుల వల్ల లాభమా, నష్టమా అన్నదే కారుప్రియుల మధ్య సాగుతున్న చర్చ.

ముందుగా పొడవు సంగతి. 2006 కేంద్ర బడ్జెట్టులో చిన్నకార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. పొడవు నాలుగు మీటర్లు మించరాదని, పెట్రోలు ఇంజను 1,200 సి.సి., డీజిలు ఇంజను 1,500 సి.సి. దాటరాదని నిబంధన విధించారు. 2008లో టాటా సంస్థ ఇండిగో సి.ఎస్. పేరుతో నాలుగు మీటర్ల లోపు సెడాన్‌ను తెచ్చింది. డిజైర్ కూడా 2012లో అదే దారి పట్టింది. ఇందుకోసం వెనుక భాగాన్ని కుదించారు. జానెడైనా లేని ఆ కోతతో డిక్కీ పరిమాణం 440 లీటర్ల నుండి 316 లీటర్లకు పడిపోయింది.

ఈ మార్పును వ్యతిరేకించేవారి వాదం ఇది: "ఈ కోత ఇంధనం కోసం కాదు, పన్ను కోసం. వేగంగా వెళ్లే బండి గాలిని చీల్చుకొని పోవాలి. కాలువలో పడవ వెనుకభాగం క్రమంగా సన్నబడితే నీరు సాఫీగా కలుసుకొంటుంది. మొద్దుగా తెగి ఉంటే వెనుక సుడులు లేస్తాయి. గాలి సంగతీ అంతే. తోక తెగిన కారు అందానికే కాదు, గాలి ప్రవాహానికీ లోటే. సామాను పెట్టుకోవడానికే సెడాన్ కొనేవాడికి డిక్కీయే తగ్గిస్తే ఇక మిగిలిందేమిటి?"

సమర్థించేవారు దీనికి బదులు చెబుతారు: "పన్ను తగ్గితే ధర తగ్గింది; మధ్యతరగతి కుటుంబానికి సెడాన్ అందుబాటులోకి వచ్చింది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి హైదరాబాదు రహదారిపై అది ముఖ్యమే. బెంజి సర్కిల్ దగ్గర ఆగుతూ కదులుతూ పోయే బండికి మాత్రం శత్రువు బరువు. ఆగిన ప్రతిసారీ ఆ బరువును మళ్లీ కదిలించాలి." ఈ మాటకు బలం 2017 నమూనాలో కనిపిస్తుంది. పాతదానికంటే పెట్రోలు బండి సుమారు 85 కిలోలు, డీజిలు బండి సుమారు 105 కిలోలు తేలికయ్యాయని సంస్థ ప్రకటించింది. డిక్కీ కూడా 378 లీటర్లకు పెరిగింది. డీజిలు బండి అధికారిక మైలేజి లీటరుకు 28.40 కిలోమీటర్లకు చేరింది. కాలుష్య నియమాలు కఠినం కావడంతో 2020 ఏప్రిల్ నుండి ఆ సంస్థ డీజిలు కార్లను విరమించింది.

ఇక మూడు సిలిండర్ల సంగతి. సిలిండరు తగ్గితే కదిలే భాగాలు తగ్గుతాయి. ఘర్షణ, బరువు తగ్గుతాయి. ఇంధనం ఆదా అవుతుంది. అయితే నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అరచుట్టుకూ ఒక విస్ఫోటనం జరిగితే, మూడు సిలిండర్ల దానిలో ఎడం పెరిగి, 240 డిగ్రీలకు ఒకటి జరుగుతుంది. అందువల్ల అదురు కొంత పెరుగుతుంది. శక్తి కూడా 90 అశ్వశక్తి నుండి సుమారు 82కు తగ్గింది. గేర్లు చేతితో మార్చే బండి మైలేజి మాత్రం 23.26 నుండి 24.79 కిలోమీటర్లకు పెరిగింది.

ఇక్కడ లెక్క వేయాలి. విజయవాడ నుండి హైదరాబాదుకు దూరం సుమారు 270 కిలోమీటర్లు. లీటరుకు 10 కిలోమీటర్లు నడిచే పాతకాలపు బండికి 27 లీటర్లు కావాలి. 18 నడిచే బండికి 15 చాలు. అంటే 12 లీటర్ల ఆదా. కాని 23.26 నుండి 24.79కి పెరిగినప్పుడు అదే ప్రయాణంలో మిగిలేది ముప్పాతిక లీటరు కూడా కాదు. మైలేజి పెరిగేకొద్దీ ప్రతి అదనపు కిలోమీటరు తెచ్చే ఆదా తగ్గుతూ పోతుంది. "ఈ కొద్దిపాటి ఆదా కోసం నునుపైన ఇంజనును వదులుకోవాలా?" అని విమర్శకులు అడిగే ప్రశ్న అసంగతం కాదు.

అయితే ఆ లెక్కనే టాక్సీ నడిపేవాడి పక్షాన వేసి చూడాలి. ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరిగే బండికి ఈ తేడా సుమారు 160 లీటర్లు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే ఒక్క బండి మీదనే ఏటా 360 కిలోలకు పైగా తగ్గుదల. వారానికి ఒకసారి కారు తీసేవాడికి అదురు పెద్దది, ఆదా చిన్నది. దానిపైనే బతికేవాడికి ఆదా పెద్దది, అదురు చిన్నది. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. వారి అవసరాలు వేరు.

తేలికైన బండి ప్రమాదంలో నిలుస్తుందా అన్నది మరొక సందేహం. పొదుపు కోసం ప్రాణాన్ని పణంగా పెట్టరాదు. ఈ సందేహానికి పరీక్షే సమాధానం చెప్పాలి. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన పరీక్షలో నాలుగవ తరం డిజైర్ పెద్దల రక్షణలో అయిదు నక్షత్రాలు, పిల్లల రక్షణలో నాలుగు నక్షత్రాలు పొందింది. బలం రేకు మందంలోనే ఉంటుందన్న నమ్మకం పాతది. మేలురకం ఉక్కును ఏ చోట, ఏ రీతిలో అమర్చారన్నది అంతకంటే ముఖ్యం.

ఇరుపక్షాలూ మరచిపోయే విషయం ఒకటి ఉంది. అధికారిక మైలేజి ప్రయోగశాలలో కొలిచినది. టైర్లలో గాలి తగ్గినా, అనవసరంగా వేగం పెంచి బ్రేకు తొక్కినా, కూడలిలో ఇంజను ఆపకపోయినా రూపకర్తలు కష్టపడి మిగిల్చిన ఇంధనం క్షణాల్లో ఆవిరవుతుంది. దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశాల నుండి వస్తున్నది. ప్రతి బండీ పొదుపుగా నడిచినా, బండ్ల సంఖ్య పెరుగుతూ పోతే మొత్తం ఖర్చు తగ్గదు. నలుగురు ఎక్కవలసిన కారులో ఒక్కరే ప్రయాణిస్తే దాని మైలేజిలో మూడు వంతులు వృథా అయినట్లే.

నాలుగు మీటర్ల గీత నేటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. 18 శాతమైంది, పెద్దవాటిపై 40 శాతం. కాబట్టి కారు రూపాన్ని రూపకర్త ఒక్కడే నిర్ణయించడం లేదు. చట్టం ఒక కొలత ఇస్తుంది, కొనేవాడి సంపాదన మరొక కొలత ఇస్తుంది. ఈ కొలతల నడుమ దేనిని వదులుకొని దేనిని పొందుతున్నామో లెక్కగట్టి చెప్పగలిగినప్పుడే మన చర్చ వాదమనిపించుకొంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

విపణి = అంగడి, మార్కెట్టు
అసంగతం = పొంతన లేనిది
పణం = పందెంగా ఒడ్డినది
విస్ఫోటనం = ప్రేలుడు
బొగ్గుపులుసు వాయువు = కార్బన్ డయాక్సైడ్

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. డిజైర్ కారు రూపంలో వచ్చిన మార్పులపై ఇరుపక్షాల వాదాలను వివరించి, మీ అభిప్రాయాన్ని సకారణంగా తెలపండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. వాదం, జల్పం, వితండలకు గల భేదమేమిటి?
2. 2006 బడ్జెట్టు నిబంధన కారు పొడవును ఎలా ప్రభావితం చేసింది?
3. మైలేజి పెరిగేకొద్దీ ఆదా ఎందుకు తగ్గుతూ పోతుందో మీ ఊరి నుండి సమీప పట్టణానికి గల దూరంతో లెక్కించి చూపండి.