మొఱుగు కుక్క – ఓర్పుగల ఇల్లు

పరీక్షల దినములలో తల్లిదండ్రులు మా పాఠశాలకు వచ్చి చెప్పుకొను ఇబ్బందులలో ఇంటి కుక్క మొఱుగుడు ఒకటి. రాత్రివేళ బిడ్డకు చదువు సాగదు. ఇరుగుపొరుగువారితో మాటలు పెరుగును. చివరకు కుక్కపై కఱ్ఱ లేచును, లేదా దానిని ఏ దూరపు ఊరిలోనో విడిచివచ్చుటకు ఆలోచన సాగును. దీని నంతయు బిడ్డలు చూచుచునే యుందురు. మాటలేని ప్రాణి విసిగించినప్పుడు పెద్దలేమి చేయుదురో, వారు దానినే నేర్తురు. కావున ఈ విషయమును ఒక పాఠముగా వ్రాయుట ఉచితమని తలంచితిమి.

మొఱుగుట కుక్కకు సహజము. దానిని పూర్తిగా మాన్పుట తగదు, సాధ్యమును కాదు. మితిమీఱినపుడు ముందుగా కారణమును వెదకవలెను. ఒక వారము దినములు అది ఏ వేళ, ఎవరిని చూచి, ఎంతసేపు మొఱిగినదో కాగితముపై వ్రాయుడు. ఈ పనిని బిడ్డల కప్పగింపవచ్చును. సాధారణముగా కారణము ఈ ఐదింటిలో నుండును: కాపలా, భయము, ఒంటరితనము, ఏమియు తోచకపోవుట, ఏదైన కోరుట.

దారిని పోవువారిని చూచి మొఱుగు కుక్కకు ప్రతిదినమును గెలుపే. తపాలా జవాను తన పని ముగించుకొని పోవును. కుక్కకు మాత్రము తన మొఱుగుడు ఫలించినట్లే యుండును. గేటు సందులకు తడికగాని గోనెపట్టగాని కట్టి చూపును మఱుగుపఱచినచో ఈ మొఱుగుడు చాలవఱకు తగ్గును.

మనుష్యుని చెవి సెకండుకు సుమారు 20,000 కంపనముల వఱకే వినగలదు. కుక్క చెవి సుమారు 45,000 వఱకు వినగలదు. మనకు వినబడని చప్పుడు దానిని కలవరపెట్టవచ్చును. దీపావళి రాత్రి దానిని వాకిట కట్టివేయక, లోపలి గదిలో మనుష్యుల చెంత నుంచవలెను.

పగలంతయు గొలుసున నున్న కుక్క రాత్రి మొఱుగుటలో వింత లేదు. ఉదయ సాయంకాలములందు అరగంట చొప్పున నడిపింపుడు. పాతగుడ్డ ముడులలో రొట్టెముక్కలు దాచి యిచ్చినచో వెదకుచు కాలము గడపును. మితిమీఱి పొట్టియైన గొలుసుతో చిరకాలము కట్టుటయు, ఎప్పుడును కట్టియుంచు కుక్కను తగినట్లు తిప్పకుండుటయు, కొట్టి హింసించుటయు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము నేరములు.

ఇక నేర్పు విధము. కుక్క మొఱుగుచుండగా మీరు కేకలు వేసినచో, మీరును తనతో కూడ మొఱుగుచున్నారని అది భావింపవచ్చును. శాంతముగా ఒక మాట పలికి వేచియుండుడు. అది రెండు క్షణములు ఆగినను వెంటనే ఉడికిన కోడిగ్రుడ్డు ముక్క యొకటి పెట్టుడు. రెండు క్షణములను ఐదు, పది, ముప్పది క్షణములుగా మెల్లగా పొడిగింపుడు. తిండి కొఱకు మొఱిగినపుడు మాత్రము చూడక, పలుకక యుండవలెను. మొదటి దినములలో మొఱుగుడు హెచ్చును. అప్పుడు విసిగి పెట్టితిరా, గట్టిగా మొఱిగిన దొరకునని నేర్చుకొనును.

తలుపు గంటకు బెదరు కుక్కకు రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవు చూపిన సూత్రము అక్కఱకు వచ్చును. తిండికి ముందు ఒక గుర్తు పదేపదే వచ్చినచో, ఆ గుర్తునకే కుక్క నోరూరునని ఆయన చూపెను. గంట చప్పుడును సెల్‌ఫోనులో మిక్కిలి మెల్లగా వినిపించి వెంటనే తిండి పెట్టుచు, దినదినము కొంచెము పెంచుడు. బెదరినచో మరల తగ్గింపుడు.

మన తమిళనాటి తెలుగు ఇండ్లలో మఱియొక చిక్కు కలదు. అవ్వ 'ఊరకుండు' అనును. బిడ్డలు 'సుమ్మా ఇరు' అందురు. తండ్రి 'సైలెన్స్' అని గద్దించును. బిడ్డలు మూడు భాషలను వేఱుపఱచి నేర్వగలరు గాని, కుక్కకు ఇవి మూడు వేర్వేఱు శబ్దములు. ఏ భాషయైనను సరియే. ఇంటిల్లిపాదియు ఒకే మాటను ఒకే స్వరమున పలుకవలెను. 'చాలు' అను చిన్నమాట చాలును.

మూతి కట్టివేయుట మిక్కిలి అపాయకరము. కుక్క నోరు తెఱచి రొప్పుటచేతనే ఒడలి వేడిని పోగొట్టుకొనును. ఎండకాలమున మూతి బిగించినచో ప్రాణమునకే ముప్పు. విద్యుత్తు తగిలించు పట్టీలును, గొంతుకు శస్త్రచికిత్సయు కారణమును తొలగింపవు. బాధను మాత్రము కలిగించును. హఠాత్తుగా గొంతు మాఱినను, చొంగ కార్చుచు మ్రింగలేకున్నను బిడ్డలను దూరముగా నుంచి పశువైద్యునికి తెలుపవలెను. అది రేబీసు కావచ్చును. మొఱిగెడి కుక్క కఱవదను సామెతను బిడ్డలు నమ్మరాదు. కఱచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక టీకాకై ఆసుపత్రికి పోవలెను.

ఈ శిక్షణకు కొన్ని వారములు పట్టును. బెత్తమును చూచిన బాలుడు పాఠమును మఱచి బెత్తమునే గుర్తుంచుకొనునని ఉపాధ్యాయులమైన మేమెఱుగుదుము. కుక్క విషయమును అంతే. మీ ఓర్పు ఫలించి అది ఊరకుండు రాత్రి, ప్రక్క గదిలో చదువుకొను బిడ్డయు ఒక పాఠము నేర్చియుండును.