ఏరియల్‌కును యాంప్లిఫయరుకును పొత్తు

బాటరీ లోపలి నిరోధమునకు వెలుపలి నిరోధము సమానమైనప్పుడు వెలుపలికి గరిష్ఠశక్తి చేరునని మన విద్యార్థులు భౌతికశాస్త్ర తరగతిలో నేర్చియున్నారు. రేడియో ప్రసారయంత్రము కట్టబూనువారు ఈ సూత్రమునే పట్టుకొని, ఏరియల్ అవరోధము యాంప్లిఫయరు లోపలి అవరోధమునకు సమానము కావలెనని తలంతురు. మేమును మొదట నట్లే తలచితిమి.

కాని సమాన నిరోధములున్నచోట సగము శక్తి బాటరీలోనే వేడిమియగును గదా! అట్లైనచో ఏ యాంప్లిఫయరును నూటికి 50 పాళ్లకు మించి ఏరియల్‌కు ఈయజాలదు. అయినను సి తరగతి వాల్వు యాంప్లిఫయరు నూటికి 70 పాళ్లవఱకు ఇచ్చుచున్నది. కావున ఇచ్చట పొత్తు అనుమాటకు వేఱు అర్థము గలదు.

పూర్వము ఏతము త్రొక్కిన పెద్దలు దీనిని సులభముగ గ్రహింతురు. బాన మిక్కిలి చిన్నదైనచో మనిషి ఊరక ఎక్కి దిగుటయే గాని చేనికి నీరు చాలదు. మిక్కిలి పెద్దదైనచో ఏతమే లేవదు. మనిషి బలమునకు తగిన బాన కావలెను. అట్లే వాల్వునకు దాని వోల్టేజికిని కరెంటునకును తగిన భారము కావలెను.

ప్లేటు వోల్టేజి 600, కరెంటు 100 మిల్లీ ఆంపియరులు అనుకొందము. సి తరగతిలో వోల్టేజిని కరెంటునకు రెట్టింపైన సంఖ్యతో భాగింతురు. 600ను 0.2తో భాగింపగా 3000 ఓములు వచ్చును. ఇది మోటు లెక్కయే గాని పనికి చాలును.

ఇక ఏరియల్ సంగతి. 7.1 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 42 మీటర్లకు కొంచెము హెచ్చు. అందు సగము 21 మీటర్లు. కొనల ప్రభావముచే తీగను సుమారు 20 మీటర్లకు తగ్గించి, నడుమ తెంచి కేబులు తగిలింతురు. తగినంత ఎత్తున కట్టినచో అచ్చట సుమారు 73 ఓములు కనబడును. నేలకు దాపుగ కట్టినచో ఆ అంకె మాఱును.

3000 ఎక్కడ, 73 ఎక్కడ! ఈ రెంటిని కలుపునది ఒక తీగచుట్టయు, దాని కిరుప్రక్కల నుండు రెండు కండెన్సరులును. వాల్వు ప్రక్కనున్నదానిని ప్లేటు కరెంటు కనిష్ఠమగువఱకు త్రిప్పవలెను. పిదప ఏరియల్ ప్రక్కనున్నదానిని కొంచెము విప్పినచో భారము హెచ్చి కరెంటు పెరుగును. వెంటనే మొదటిదానిని మరల సవరింపవలెను. మేమొకనాడు ఈ సవరణ మఱచితిమి. ప్లేటు కుంపటిలోని నిప్పువలె ఎఱ్ఱబడి, చూచుచుండగనే వాల్వు పోయినది. పోయినది వాల్వే యగుట మేలు. 600 వోల్టులు ప్రాణము తీయగలవు. ఉపాధ్యాయుడు దగ్గఱలేక పెట్టె తెఱవరాదు, లైసెన్సు లేక ప్రసారము చేయరాదు.

నేటి ట్రాన్సిస్టరు యంత్రములు చాలవఱకు 50 ఓముల భారమునకు సిద్ధపఱుపబడి వచ్చును. అందు త్రిప్పవలసిన కండెన్సరులు లేవు గనుక కేబులు, ఏరియల్ సరిగా నుండుట మఱింత ముఖ్యము.

75 ఓముల కేబులు 73 ఓముల ఏరియల్‌తో చక్కగ కుదురును. అదే కేబులునకు 300 ఓముల మడత ఏరియల్ తగిలించినచో నూటికి 36 పాళ్ల శక్తి వెనుకకు మరలును. మరలినదంతయు నష్టము కాదు. అది మరల ఏరియల్‌కు త్రిప్పి పంపబడవచ్చును. కాని కేబులు పొడవైనకొలది ప్రతి ప్రయాణమునను కొంత వేడియగును, యాంప్లిఫయరునకు కనబడు భారమును మాఱిపోవును. ఒకవైపు చుట్లు రెండవవైపు చుట్లకు రెట్టింపుగ నున్న ట్రాన్సుఫార్మరును ఏరియల్ యొద్దనే ఉంచినచో, చుట్ల నిష్పత్తి వర్గముచొప్పున 300 ఓములు 75గ మాఱును. దానిని యంత్రము ప్రక్క బల్లపై ఉంచినచో కేబులులోని మరలింపు తగ్గదు.