నఖశౌచము

శౌచవిషయమున మన దేశీయులకు గల పట్టుదల సామాన్యమైనది కాదు. ప్రాతఃస్నానము, ఉదికిన వస్త్రము, భోజనమునకు ముందు కాలుసేతులు కడుగుకొనుట, పిదప నోరు పుక్కిలించుట, వెలుపలినుండి వచ్చినవారు గడప దాటకముందు పాదములపై నీళ్ళు పోసికొనుట మొదలగు నియమములు మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్నవి. వీనిలో పెక్కు దేహారోగ్యమునకు మేలు చేయునవే. అయినను మడి కట్టుకొని పొయ్యియొద్ద కూర్చున్న చేతిని ఒక్కసారి వెలుతురునకు పట్టి చూడుడు. స్నానమైనది, వస్త్రము శుభ్రముగా నున్నది, ఎవరిని తాకుటయు లేదు. గోటిచివర మాత్రము నల్లనిగీత యట్లే యున్నది. ఆ గీతనుగూర్చి మడి ప్రశ్నింపదు. ఈ పాఠమునకు ఆ గీతయే విషయము.

మొదట గోటి స్వరూపమును తెలిసికొందము. గోరు కెరాటిన్ అను గట్టిపదార్థముచే నేర్పడినది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కాలిగోటి పెరుగుదల అందులో సగము. చేతిగోరు మొదటినుండి చివరవరకు క్రొత్తదగుటకు ఆరుమాసములు, కాలి బొటనవ్రేలి గోరు క్రొత్తదగుటకు ఒక సంవత్సరమునుండి సంవత్సరమున్నర పట్టును. గోటికొనకును వ్రేలికండకును నడుమ ఒక సందు కలదు. చెమట, రాలిన చర్మపుపొట్టు, అన్నపుమెతుకు, చమురు, మట్టి అన్నియు అందు చేరును. తేమ, ఆహారము, చాటు ఈ మూడును ఒకచోట దొరకుటచే సూక్ష్మక్రిములకు అంతకంటె మంచి నివాసము చేతిలో వేరొకటి లేదు. చేతిమీది సూక్ష్మక్రిములలో అధికభాగము ఈ సందులోనే యుండునని పరిశోధకులు తెలిసికొనిరి. అరచేతులు రెండును రాచుకొని నీళ్ళు విదిలించినంతమాత్రమున ఆ చోటికి నీరును చేరదు, సబ్బును చేరదు.

ఇది ఎల్ల దేశములవారికిని చెప్పదగిన మాటయే యైనను మనకు మరింత ముఖ్యము. ఏలయన మనము చేతితో భుజింతుము. చేతితో భుజించుట తప్పు కాదు. శుభ్రమైన చేయి ఏ చెంచాకును తీసిపోదు. కాని అన్నము పప్పుతో కలిపి ముద్దచేయునపుడు గోటిసందు మెతుకులలో మునుగును. అందున్నది ముద్దతోపాటు నోటికి పోవును. అశుచికార్యములకు ఎడమచేయి, భోజనమునకు కుడిచేయి అని పెద్దలు విభజించిరి గదా యని కొందరందురు. విభజన మంచిదే. కాని ఒక చేతిని కడుగునది రెండవ చేయియే. పిండి పిసుకునపుడును, ఆవకాయ కలుపునపుడును, బిడ్డకు స్నానము చేయించునపుడును రెండుచేతులును పనిచేయును. కుడియెడమల భేదము సూక్ష్మక్రిమికి తెలియదు.

నులిపురుగుల చరిత్ర దీనికి తగిన నిదర్శనము. దారపుముక్కవలె సన్నగా తెల్లగానుండు ఈ పురుగు బిడ్డల ప్రేవులలో నివసించును. రాత్రివేళ ఆడపురుగు వెలుపలికి వచ్చి ఆసనముచుట్టును చర్మముమీద వేలకొలది గ్రుడ్లు పెట్టును. అచట దురద పుట్టును. బిడ్డ నిద్రలోనే గీరుకొనును. గ్రుడ్లు గోళ్ళక్రింద చేరును. కొద్దిగంటలలోనే అవి అంటుకొనుటకు సిద్ధమగును. ఉదయమున ఆ బిడ్డ వ్రేలు నోట పెట్టుకొనిన చాలును, పురుగు మరల కడుపులో ప్రవేశించును. ఆ చేయి తాకిన పక్కగుడ్డలమీదను, ఆటవస్తువులమీదను గ్రుడ్లు రెండుమూడు వారములవరకు జీవించియుండవచ్చును. కావున ఒక బిడ్డ గోటినుండి ఇంటివారందరికిని వ్యాపించును. వైద్యుడిచ్చు మందు కడుపులోని పురుగును చంపును గాని గోటిక్రింది గ్రుడ్డును చంపజాలదు. అందుచేతనే రెండువారముల తరువాత మరియొక మోతాదు ఇత్తురు, ఇంటివారందరికిని ఇత్తురు, గోళ్ళు కత్తిరింపుడని చెప్పుదురు. ఈ కడపటి మాటను చేయనివారు మందును దూషించుట న్యాయము కాదు.

ఏలికపాముల గ్రుడ్లు మలముతో కలిసిన మట్టినుండి వచ్చును. మట్టిలో ఆడిన పిల్లల గోళ్ళును, తోటపని చేసిన పెద్దల గోళ్ళును వానిని మోయును. మనదేశమున 2015వ సంవత్సరమునుండి ఫిబ్రవరి 10వ తేదీని జాతీయ నులిపురుగుల నివారణ దినముగా నేర్పరచి పాఠశాలలలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు మాత్రలిచ్చుచున్నారు. ఇది కొనియాడదగిన కార్యము. అయినను మాత్ర యేటికి ఒకటిరెండుసార్లు వచ్చును. గోరు ప్రతిదినమును పెరుగును. గజ్జిపట్టిన చర్మమును అశుభ్రమైన గోళ్ళతో గీరుటచే పుండ్లు చీముపట్టి ఇతరభాగములకు వ్యాపించుటయు అందరెరిగినదే.

ఇంతవరకు చెప్పినదంతయు పిల్లలకును పామరులకును వర్తించునని విద్యావంతులగు చదువరులు తలపవచ్చును. అట్లు తలచువారు వియన్నా నగరపు వృత్తాంతమును వినవలయును. అచటి సార్వజనిక వైద్యశాలలో రెండు ప్రసూతిశాలలుండెడివి. మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానివృత్తి నేర్చుకొను స్త్రీలును పనిచేసెడివారు. 1846లో మొదటిశాలలోని బాలింతలలో నూటికి 11.4 మందియు, రెండవదానిలో నూటికి 2.8 మందియు సూతికాజ్వరముచే మరణించిరి. నగరస్త్రీలకు ఈ సంగతి తెలిసి, మొదటిశాలకు పంపవలదని కన్నీళ్ళతో వేడుకొనెడివారు. అచట పనిచేయుచుండిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను హంగేరీదేశపు వైద్యుడు ఈ తారతమ్యమునకు కారణమును వెదకెను. గాలియు, ఆహారమును, జనసమ్మర్దమును కారణములు కావని తేలెను. 1847 మార్చిలో ఆయన మిత్రుడు కొల్లెచ్కా అను ఆచార్యుడు, శవపరీక్షలో ఒక విద్యార్థి కత్తి వ్రేలికి తగిలి, సూతికాజ్వరమును పోలిన వ్యాధితో మృతినొందెను. అప్పుడు సత్యము బయటపడెను. విద్యార్థులు ప్రాతఃకాలమున శవములను కోసి, ఆ చేతులతోనే ప్రసూతిశాలకు వచ్చి స్త్రీలను పరీక్షించుచుండిరి. మంత్రసానులు శవములను ముట్టెడివారు కారు.

విద్యార్థులు చేతులు కడుగుకొనకపోలేదు. సబ్బుతో కడుగుకొనిరి, అయినను శవపువాసన చేతులను వదలలేదు. వాసన యున్నచో దానిని పుట్టించు పదార్థమును ఉండవలెనని సెమ్మెల్‌వైస్ ఊహించెను. చర్మపుముడుతలలోను గోటిసందులలోను దాగిన మలినమునకు పైపై కడుగుట చాలదనుట నేడు మనకు సులభముగా బోధపడును. 1847 మే మాసమునుండి, నేడు మనము నూతులలో వేయు బ్లీచింగుపొడి వంటి క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగుకొనిననేగాని ఎవరును బాలింతను తాకరాదని ఆయన నియమించెను. ఏప్రిలులో నూటికి 18.3 గానుండిన మరణములు జూనులో 2.2కు దిగెను. 1848లో సంవత్సరము మొత్తముమీద నూటికి 1.27 మాత్రమే. అయినను పెక్కుమంది వైద్యులు ఆయన మాటను అంగీకరింపలేదు. రోగమును తొలగింపవచ్చిన తమ చేతులే రోగమును తెచ్చుచున్నవనుట వారికి దుస్సహమయ్యెను. సెమ్మెల్‌వైస్ 1865లో పిచ్చాసుపత్రియందు మరణించెను. ఆ వ్యాధికి మూలమగు సూక్ష్మక్రిమిని పాశ్చరు 1879లో ప్రకటించినపుడు ఆ వినికిడికి ఆయన లేడు.

చదువరులారా! ఇందలి నీతిని జాగ్రత్తగా గ్రహింపుడు. రోగమును మోసినది చదువులేని మంత్రసాని చేయి కాదు, విద్యావంతుని చేయి. మన యిండ్లలోనో, అపవిత్రత యెల్లప్పుడును పరులచేతిలోనే యున్నదని తలపోయుదుము. పనిమనిషి తోమిన గిన్నెను మరల కడిగి తీసికొనువారు, తక్కువకులమని పేరుపెట్టి ఒకని చేతినీళ్ళు పుచ్చుకొననివారు, తమ గోటిక్రింది నల్లనిగీతను చూడరు. జన్మచేత శుచియైన గోరు ఏదియు లేదు; జన్మచేత అశుచియైన గోరును లేదు. కడిగిన గోరు, కడుగని గోరు అని రెండే జాతులు. అంటును గూర్చిన భయము నిజముగా ఆరోగ్యమునకొరకే యైనచో అది మొదట మన వ్రేళ్ళనే పరీక్షింపవలసియుండెను.

ఇది పరదేశమునుండి అరువుతెచ్చిన బోధ యనుకొనరాదు. వైద్యవృత్తిలో ప్రవేశించువాడు గోళ్ళను రోమములను కురచగా నుంచుకొని, శుచియై, తెల్లని వస్త్రము ధరింపవలెనని సుశ్రుతసంహిత విధించుచున్నది. పక్షమునకు మూడుసార్లు గోళ్ళు తీయించుకొనవలెనని చరకసంహిత చెప్పుచున్నది. అట్టి గ్రంథములుగల దేశమున మంగళవారము వలదు, శుక్రవారము వలదు, దీపము పెట్టిన తరువాత వలదు అని దినములు నెట్టుకొనివచ్చి మూడువారములు గోళ్ళు పెంచుట వింత గాదా! కత్తియు దీపమును సరిగాలేని కాలమున రాత్రి గోళ్ళు తీయరాదనుట వివేకమే. విద్యుద్దీపము వెలుగుచుండగా ఆ మాటను పట్టుకొనుట వివేకము కాదు.

అలంకారమునుగూర్చియు ఒక మాట. గోరింటాకు గోటికి రంగునిచ్చునేగాని సందును కప్పదు. గోళ్ళరంగులు క్రిందిమలినమును కంటికి కనబడనీయవు. అతికించుకొను కృత్రిమపు గోళ్ళు అంతకంటె అపాయకరములు. 1997-98 సంవత్సరములలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున ఒక వైద్యశాలలో అప్పుడే పుట్టిన బిడ్డలలో ఒక సూక్ష్మక్రిమి వ్యాపించి 46 మందికి సోకెను. వారిలో 16 మంది మరణించిరి. ఇద్దరు పరిచారికల పొడవైన గోళ్ళు, వానిలో ఒకరివి కృత్రిమములు, ఈ వ్యాప్తికి తోడ్పడియుండవచ్చునని విచారణ చేసినవారు వ్రాసిరి. రోగులను తాకువారు కృత్రిమపు గోళ్ళు ధరింపరాదనియు, సహజమైన గోటికొనలు అరసెంటీమీటరునకు లోబడియుండవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో నిర్దేశించినది.

కాలిగోళ్ళు మరింత అనాదరమునకు లోనైనవి. పాదములు కడుగుకొందుము గాని వ్రేళ్ళసందులు తుడుచుకొనము. మెట్టెలక్రిందను, బిగువైన బూట్లలోపలను తేమ నిలిచి శిలీంధ్రములు పెరుగును. గోరు పసుపువన్నెదాల్చి, మందమై, పెళుసుబారును. కాలిగోరు మెల్లగా పెరుగునది గావున ఈ వ్యాధి పట్టినచో నయమగుటకు మాసములు పట్టును. పీటపై కూర్చుండి కాలివ్రేళ్ళను తడవుచు ముచ్చటించి ఆ చేతితోనే తాంబూలమందుకొను అలవాటు మనలో లేకపోలేదు. కాలిగోటిని అడ్డముగా తిన్నగా కత్తిరింపవలెను. మూలలు లోతుగా తీసినచో గోరు కండలోనికి పెరిగి చీముపట్టును. మధుమేహముగలవారికి పాదములయందు స్పర్శజ్ఞానము తగ్గుటచే చిన్నగాయమును తెలియదు, అది పెద్దపుండగును. వారు ప్రతిదినమును పాదములు పరీక్షించుకొనవలెను. గోళ్ళు మందముగా నున్నచో వైద్యుని సలహాపై తీయించుకొనవలెను.

ఇక ఆచరణ. వారమునకొకసారి, స్నానమైన వెంటనే, గోరు మెత్తగానున్నపుడు కత్తిరింపుడు. చేతులు కడుగునపుడు సబ్బునురుగుతో ఐదువ్రేళ్ళ కొనలను రెండవ అరచేతిలో గీరినట్లు రాచి, ఇరువదిసెకనులకు తగ్గకుండ రుద్ది, పారునీటితో కడిగి, పొడిగుడ్డతో తుడువుడు. గుండుసూదితోను పిన్నీసుతోను గోటిక్రింద త్రవ్వవలదు; గోరు కండనువీడి సందు పెద్దదగును. గోటిమొదట నుండు సన్ననిచర్మమును కోయవలదు. అది క్రిములకు అడ్డుగోడ. గోళ్ళు కొరుకుట పిల్లలచేత మెల్లగా మాన్పింపుడు. గోళ్ళుతీయు సాధనము ఎవరిది వారికుండవలెను. ఒకరి నెత్తురంటిన కత్తిమీద కామెర్లను గలిగించు హెపటైటిస్ బి అను వైరసు ఏడుదినములైనను జీవించియుండగలదు. మంగలిచేత తీయించుకొనువారు ఆతని సాధనము మరుగునీటిలో శుద్ధిచేయబడినదో లేదో విచారింపవలెను.

గృహస్థులకు మరియొక ధర్మము కలదు. వంటమనిషి గోళ్ళు మురికిగానున్నవని కసరువారు పెక్కండ్రు. ఆమెకు సబ్బుబిళ్ళయు, గోళ్ళకత్తెరయు, కడుగుకొనుటకు చాలినంత నీరును, అందుకు తీరికయు ఇచ్చువారు కొందరే. ఒకే పాత్రనుండి భుజించు ఇంట ఒకని శౌచము వేరు, మరియొకని శౌచము వేరు కానేరదు. ఆదివారము ఉదయమున ఇంటిలోని పిల్లలను, పెద్దలను, పనివారిని సమానముగా కూర్చుండబెట్టి గోళ్ళు చూచుట ఒక వాడుకగా పెట్టుకొనుడు. అప్పుడు ఇంటియజమాని అందరికంటె ముందు తన చేతులు చాపవలెను.